నాన్నగారు చూపిన చోటు



కాపరి ఇంటిలో డిసెంబరు నెల ఎట్లుండునో మీకు తెలియనిది కాదు. కేరల్స్ తిరుగుట, ఇంటింటి ప్రార్థనలు, పండుగ ఆరాధన, డిసెంబరు 31 రాత్రి కూడిక. ఇవన్నీ ముగిసేసరికి గొంతు పోతుంది. పిల్లలు తండ్రితో కూర్చుని అన్నము తిని పది రోజులవుతుంది. అందుచేత 2024 జనవరిలో సంక్రాంతి సెలవులు ఇవ్వగానే, ఆదివారము నాటికి తిరిగి వచ్చేటట్లుగా, కుటుంబమంతా కలిసి ఎటైనా వెళ్లాలనుకున్నాము. లాడ్జీలలో దిగే స్తోమతు మాకు లేదు. అయితే యౌవనుల రిట్రీటు కొరకు కొన్న రెండు గుడారాలు మందిరపు గదిలో ఉన్నవి. సంఘపెద్ద ఒకరు తన బొలెరో ఇస్తానన్నారు. సముద్రము వెంబడి దక్షిణముగా వెళ్లుచు, రాత్రికి ఏదో ఒక ఒడ్డున గుడారము వేసికొందామని మా అబ్బాయి పటము ముందు పెట్టుకొని లెక్క వేశాడు.

మన రాష్ట్రములో ఇందుకు తగిన రోడ్డు ఒకటి ఉన్నది. కత్తిపూడి దగ్గర పెద్ద రహదారి నుండి విడిపోయి, పిఠాపురము, కాకినాడ, యానాము, అమలాపురము, రాజోలు, నరసాపురము, బందరు, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరే 216 నంబరు జాతీయ రహదారి. గోదావరి పాయలను, కృష్ణను దాటుకొంటూ పోతుంది. ఈ రోడ్డు మీద ఎక్కడ ఎడమకు తిరిగినను కొంతదూరములో సముద్రమే.

ఇక్కడ మా నాన్నగారిని గూర్చి చెప్పాలి. ఆయన వయస్సు అప్పటికి అరువది ఆరు. మా ఊరు పిఠాపురము దగ్గర. ఉప్పాడ సముద్రము మాకు ఎంతో దూరము కాదు. అయినను నేను పుట్టినది మొదలు ఆయన సముద్రపు ఒడ్డుకు వెళ్లుట చూడలేదు. కాకినాడకు పని ఉంటే పిఠాపురము మీదుగా పోయేవారు గాని, ఉప్పాడ నుండి ఒడ్డు వెంబడి పోయే రోడ్డున వెళ్లేవారు కారు. బస్సు ఆ దారిన పోతుందంటే దిగిపోయేవారు. ఆయన ముంజేతుల మీద, రొమ్ము మీద తెల్లని గీతలున్నవి. చిన్నప్పుడు అడిగితే "ముళ్లు గీసుకున్నాయిరా" అనేవారు. అంతకు మించి చెప్పేవారు కారు. మిగిలినదంతా అమ్మ చెప్పగా తెలిసినదే. ఆయన దివిసీమవారనీ, 1977 ఉప్పెనలో తల్లిని, చెల్లెలిని పోగొట్టుకున్నారనీ, తరువాత ఒక దూరపు బంధువు వెంట మా వైపు వచ్చి రైసుమిల్లులో పనికి కుదిరారనీ అమ్మ చెప్పేది. అమ్మ 2019లో ప్రభువునందు నిద్రించినది. అప్పటినుండి ఆయన మా వద్దనే ఉన్నారు.

ఆయనను ఇంటివద్ద ఒంటరిగా వదలి వెళ్లుట మాకు ఇష్టము లేకపోయినది. రమ్మని ఎట్లా అడగాలో తెలియలేదు. చివరకు నా భార్యయే అడిగినది. "మామయ్యగారూ, మీరు బండిలోనే కూర్చోండి. ఒడ్డుకు రావద్దు. మీరు లేకుండా పిల్లలకు బాగుండదు." ఆయన చాలాసేపు ఊరకున్నారు. తరువాత, "బందరు దాకా వస్తాను. అవతలికి రాను" అన్నారు. మాకు అదే చాలుననిపించినది.

మొదటి రాత్రి: కోనసీమ

జనవరి 9 ఉదయము ప్రార్థన చేసికొని బయలుదేరాము. మార్గశిరమాసపు పొగమంచు తొమ్మిది గంటలకు గాని విడువలేదు. కాకినాడ దాటిన తరువాత కోరంగి మడ అడవి దగ్గర ఆగాము. మడచెట్ల వేళ్లు బురదలోనుండి మేకులు పాతినట్లు పైకి లేచి ఉంటాయి. ఊపిరి తీసికొనుటకు ఆ చెట్టు అట్లు వేళ్లను పైకి పంపుతుంది. ఒకప్పుడు కోరంగి ఓడలు కట్టిన గొప్ప రేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన దానిని నేలమట్టము చేసినది. నేడు అక్కడ రేవు లేదు గాని మడ అడవి ఉన్నది. ఉప్పెన వచ్చినప్పుడు ఈ చెట్లే అల బలమును కొంత విరిచి, వెనుకనున్న ఊళ్లను కాపాడుతాయి. నాన్నగారు బండి దిగి, చెక్కల వంతెన మొదట నిలువబడి, ఆ వేళ్లను చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు.

సాయంకాలమునకు అంతర్వేది వైపున ఒక మత్స్యకారుల పల్లెకు చేరాము. అక్కడి కాపరి నాకు పరిచయస్థుడు. మందిరము వెనుక సరుగుడు తోట, తోట వెనుక ఇసుక, ఇసుక అవతల సముద్రము. దూరాన అంతర్వేది దీపస్తంభము వెలుగు తిరుగుచున్నది. ఆవరణలోనే గుడారాలు వేసికొన్నాము. అక్కడివారు 1996 నవంబరు 6 నాటి తుపాను సంగతి చెప్పారు. ఆ రాత్రి కోనసీమలోను చుట్టుప్రక్కల సీమలోను వెయ్యిమందికి పైగా మరణించారు. తోటలకు తోటలే కొబ్బరిచెట్లు ఒకే దిక్కుకు ఒరిగి పడినవి. నేను అప్పుడు హైస్కూలులో ఉన్నాను. మా ఊరిలో గాలి రోదన నాకు బాగా జ్ఞాపకము. నాన్నగారు ఆ రాత్రంతా వాకిటి తలుపునకు వీపు ఆనించి కూర్చున్నారు.

ఇప్పుడు ఆయన బండిలోనే ఉన్నారు. బండిని సముద్రమునకు వీపు ఉండేటట్లు పెట్టించుకొని, అద్దాలు ఎత్తుకొని, దుప్పటి కప్పుకొన్నారు. మా అమ్మాయి అన్నము, చేపల పులుసు అక్కడికే తీసుకొనిపోయినది. మేము సరుగుడు ఆకుల మీద చాపలు పరచుకొని పడుకొన్నాము. చలికాలములో రాత్రిపూట గాలి నేలవైపు నుండి సముద్రము మీదికి వీస్తుంది. అందుచేత అలల చప్పుడు పగటివలె మీదికి రాదు. దూరాన ఎవరో ధాన్యము చెరుగుచున్నట్లు వినబడుతుంది. తెల్లవారుజామున చూచితే గుడారాలు వాన కురిసినట్లు మంచుకు తడిసినవి.

తెల్లవారిన తరువాత పిల్లలు ఒడ్డున ట్రాక్టరు చక్రము నడిచినట్లున్న ఒక జాడ చూశారు. నీటిలోనుండి పైకి వచ్చి, ఇసుక కలిపిన ఒక చోట చుట్టు తిరిగి, మరల నీటిలోనికి పోయినది. పల్లె కుర్రవాడొకడు వచ్చి, "తాబేలు గుడ్లు పెట్టిందండి అయ్యగారూ, త్రొక్కకండి" అన్నాడు. ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లు చలికాలములో మన తీరమునకు వచ్చి ఇసుక త్రవ్వి, ఒక్కొక్కటి సుమారు నూరు గుడ్లు పెట్టి, కప్పిపెట్టి పోతాయి. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు పొదిగి, సముద్రము మీది వెలుతురును బట్టి నీటివైపు ప్రాకుతాయి. ఒడ్డున మన దీపాలు ఎక్కువైతే అవి దారి తప్పి ఊరివైపు వచ్చి చనిపోతాయి. ఇది విన్న తరువాత మా అబ్బాయి మిగిలిన రెండు రాత్రులు టార్చిలైటు ఒడ్డువైపు వేయనివ్వలేదు.

రెండవ రాత్రి: బందరు

రెండవ రోజు చించినాడ వంతెన మీద గోదావరి దాటి, నరసాపురము, మొగల్తూరు మీదుగా పేరుపాలెము వచ్చాము. సెలవులు గనుక జనము ఉన్నారు. సముద్రము చూచుటకు చెరువువలె ఉన్నది. ఒక పెద్దాయన ఫైబరు పడవ నీడలో కూర్చుండి వల బాగుచేసికొంటున్నాడు. శిష్యులు వలలు బాగుచేసికొనుటను గూర్చి నేను ఎన్నిసార్లు ప్రసంగించితినో లెక్కలేదు. అయితే వల బాగుచేయుచున్నవాని ప్రక్కన గంటసేపు కూర్చుండుట అదే మొదలు. కాలి బొటనవ్రేలికి వల తగిలించి బిగువుగా పట్టుకొని, తెగిన కన్ను వెదకి, దాని చుట్టునున్న నాలుగు కన్నులు చూచి, అదే కొలతకు ముడి వేస్తాడు. మాట్లాడుచునే వేస్తాడు.

ఆయన మా అబ్బాయితో చెప్పిన మాటలు తలిదండ్రులందరికి పనికివచ్చును గనుక వ్రాయుచున్నాను. "బాబూ, అలలు తెల్లగా విరుగుతున్న చోట ప్రమాదమని అందరూ అనుకుంటారు. మధ్యలో ఒకచోట అల విరగకుండా నునుపుగా కనబడుతుంది, చూడు. పిల్లలు అక్కడే దిగుతారు. ఒడ్డుకు కొట్టిన నీరంతా తిరిగి లోపలికి పోయేది ఆ సందులోనుంచే. అది కాలు లాగేస్తుంది." మరి చిక్కుకొన్నవాడు ఏమి చేయాలని మావాడు అడిగాడు. "ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఎంత బలమున్నవాడైనా అలసిపోతాడు. ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈదాలి. ఆ సందు ఎంతో వెడల్పు ఉండదు. దాటాక అలే నిన్ను ఒడ్డుకు తెస్తుంది. ఈత రానివాడు మోకాలు దాటి దిగనేకూడదు." నాన్నగారు కొంచెము దూరములో, బండి తలుపు తెరుచుకొని కూర్చున్నారు. ఈ మాటలకు ఆయన తల ఆడించుట నేను చూశాను.

లోసరి, బంటుమిల్లి, పెడన దాటి నాలుగు గంటలకు బందరు చేరాము. మంగినపూడి ఒడ్డున ఇసుక కాదు, నల్లని మెత్తటి మన్ను. చాలాదూరము లోతుండదు. అక్కడి పోలీసువారిని అడిగితే యాత్రికులు వచ్చే ఒడ్డున రాత్రి ఉండకూడదన్నారు. దగ్గరలో ఒక పల్లె పెద్ద మాకు తమ ఊరి ప్రక్కనున్న ఇసుక దిబ్బలు చూపించి, మీ ఇష్టము వచ్చిన చోట వేసుకోండి అన్నాడు.

ఇంకా సామాను దింపలేదు. మేము అటు ఇటు చూచుచుండగా వెనుక తలుపు చప్పుడైనది. నాన్నగారు దిగారు. చేతికర్ర పట్టుకొని మా ప్రక్కనుండి నడచి నేరుగా ఇసుకలోనికి వెళ్లారు. ఆయన ముఖము సముద్రమువైపు ఉండగా నేను చూచుట నా జీవితములో అదే మొదటిసారి. పిలువబోయి ఊరకుండిపోయాను.

ఆయన నీటిని చూడలేదు, ఇసుకను చూశారు. ఎండు నాచు, గుల్లలు, ప్లాస్టిక్ సీసాలు ఒక వరుసగా పడియున్న గీత దగ్గర కర్ర నాటారు. "ఒరే అబ్బాయి, ఇది పొద్దుటి పోటు గీత. రేపు అమావాస్య. ఇవాళ పోటు దీన్ని దాటుతుంది" అన్నారు. మరికొంత పైకి నడిచారు. ఊదారంగు పూలు పూసే తీగ నేల మీద అల్లుకొని ఉన్నది. "ఈ తీగ పచ్చగా ఉందంటే రోజూ ఉప్పునీరు ఇక్కడిదాకా రాదన్నమాట. అయినా ఇక్కడ వద్దు." తీగను దాటి, రావణాసురుడి మీసాలని పిల్లలు పిలిచే ముండ్లగడ్డి గుబురులను దాటి, దిబ్బ వెనుకకు వెళ్లారు. సరుగుడు చెట్లను తలయెత్తి చూచి, ఎండుకొమ్మలున్న చెట్టును వదలి, నాలుగు అడుగులు ప్రక్కకు జరిగి, "ఇక్కడ వేయండి" అన్నారు. బండి ముక్కును రోడ్డువైపు త్రిప్పి పెట్టమన్నారు. పొయ్యిని సరుగుడు ఆకులకు దూరముగా, వట్టి ఇసుకలో పెట్టించారు. తరువాత నా భార్య ముక్కాలిపీట వేస్తే దిబ్బ మీదనే కూర్చున్నారు. ఆ రాత్రి బండిలోనికి పోలేదు.

అన్నాలు తినేవేళకు పోటు నిండుగా వచ్చినది. మేము దిబ్బ మీదనుండి చూచుచున్నాము. నీరు నాచు గీతను దాటినది. తీగకు పది అడుగుల ఇవతల ఆగి, కొంతసేపు ఊగి, వెనుకకు తగ్గినది. వెన్నెల లేదు గనుక నక్షత్రాలు నేలకు దగ్గరగా ఉన్నట్లుండెను. మా అమ్మాయికి తొమ్మిదేండ్లు. అది తాతయ్య దుప్పటిలో దూరి కూర్చుండి అడిగినది. "తాతయ్యా, నీకు సముద్రమంటే భయం కదా. మరి ఇవన్నీ నీకు ఎట్లా తెలుసు?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. చాలాసేపటికి, "నేను దాని ప్రక్కనే పెరిగానమ్మా. మీ అత్తకు, అంటే నా చెల్లెలికి, నేనే ఇవన్నీ చెప్పేవాణ్ణి. దానికి అప్పుడు ఎనిమిదేళ్లు" అన్నారు. తరువాత ఆమె పేరు చెప్పారు. నలువది యేండ్లు దాటిన నాకు మా మేనత్త పేరు ఆ రాత్రే తెలిసినది. ఆ పేరు ఇక్కడ వ్రాయను. అది ఆయన దాచుకొన్న పేరు.

పడుకొనబోవుచు, "రేపు అవనిగడ్డ వెళ్దామురా" అన్నారు.

మూడవ రాత్రి: దివిసీమ

ఉదయము బందరు ఊరిలోనికి వెళ్లాము. క్రైస్తవులకు ఈ ఊరు తెలిసినదే. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అను మిషనెరీలు ఇక్కడ తమ పని ఆరంభించారు. నోబుల్‌గారు 1843లో స్థాపించిన పాఠశాలయే నేటి నోబుల్ కళాశాల. అయితే నాన్నగారికి తెలిసిన బందరు చరిత్ర వేరు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో ఈ ఊరిలోను చుట్టుప్రక్కలను సుమారు 30,000 మంది కొట్టుకొనిపోయారని ఆయన చిన్నప్పుడు తన తాతగారు చెప్పేవారట. "మా తాతకు వాళ్ల తాత చెప్పాడు. నీళ్లు వచ్చినప్పుడు మిట్టకు పొమ్మని. మా ఊళ్లో మిట్ట ఏదిరా?" అని అన్నారు. నేడు బందరులో తుపానులను దూరమునుండి కనిపెట్టే రాడారు కేంద్రమున్నది. ఆ రోజులలో అది లేదు.

చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డ చేరాము. ఉప్పెన మృతుల స్మారక స్తూపము దగ్గర నాన్నగారు చెప్పులు విడిచి నిలువబడ్డారు. మేము వెనుక నిలువబడ్డాము. ప్రార్థన చేయమందురేమోనని ఎదురుచూశాను. ఆయన అడగలేదు. నేను చేయలేదు. కాపరులమైన మాకు ఊరకుండుట కష్టము. అయితే కొన్నిచోట్ల మన మాటకంటె ఊరకుండుటయే మేలు.

అక్కడనుండి కోడూరు వైపు ఆయన చెప్పిన దారిన వెళ్లాము. పొలాలున్న చోట రొయ్యల చెరువులు వచ్చినవి. ఊరు గుర్తుపట్టుటకు ఆయనకు కొంత సమయము పట్టినది. పూరిండ్లు లేవు. కాంక్రీటు ఇండ్లు, ఎత్తయిన స్తంభాల మీద కట్టిన తుపాను షెల్టరు ఉన్నవి. తమ ఇల్లున్న చోటు వెదకి వెదకి ఒక చెరువుగట్టు దగ్గర ఆగారు. అది రొయ్యల చెరువైనది. నీళ్లలో చక్రాలు తిరుగుచు నురుగు లేపుచున్నవి. గట్టు మీద గొడుగు వేసికొని కూర్చున్న ఒక వృద్ధుడు, "ఎవరి తాలూకండీ?" అని అడిగాడు. నాన్నగారు తన తండ్రి పేరు చెప్పారు. ఆ వృద్ధుడు లేచి నిలువబడ్డాడు. దగ్గరకు వచ్చి, నాన్నగారి ముంజేయి త్రిప్పి, ఆ గీతలు చూచి, "మీ ఇంటివాళ్లందరూ పోయారనే అనుకున్నామురా" అని ఆ చేయి విడువలేదు.

ఆ రాత్రి అక్కడి మందిరపు ఆవరణలో గుడారాలు వేసికొన్నాము. ఊరివారు అన్నము తెచ్చారు. ఆ వృద్ధుడు, నాన్నగారు గుడారము ముందు కూర్చుండి మాట్లాడుకొన్నారు. నేను విన్నాను.

1977 నవంబరు 19. శనివారము. తెల్లవారినది మొదలు గాలి, వాన. తుపాను అన్నారు గాని ఉప్పెన అనలేదు. తుపాను ఆ సీమవారికి క్రొత్త కాదు గనుక తలుపులు వేసికొని ఇండ్లలోనే ఉన్నారు. సాయంకాలము దక్షిణపు దిక్కున పెద్ద శబ్దము వచ్చినది. తరువాత నల్లని గోడ. కొన్నిచోట్ల అల అయిదు మీటర్ల ఎత్తున వచ్చినది. సముద్రము పది కిలోమీటర్లకు మించి లోపలికి చొచ్చుకొని వచ్చినది. నాన్నగారు ఒక చేత్తో చెల్లెలిని పట్టుకొన్నారు. రెండవ చేతికి తుమ్మచెట్టు దొరికినది. ముండ్లు చీల్చుకొనిపోయినను ఆ చెట్టును విడువలేదు. "రెండో చేయి ఎప్పుడు ఖాళీ అయిందో నాకు తెలియదురా" అని ఆ వృద్ధునితో అన్నారు. "తెల్లారి చూసుకుంటే ఖాళీగా ఉంది." ఆయన తల్లి కనబడనేలేదు. ప్రభుత్వపు లెక్కలలో సుమారు పదివేలమంది చనిపోయారు. అంతకంటె ఎక్కువేనని ఆ సీమవారు చెప్పుదురు.

ఆ వృద్ధుడు ఓదార్పు మాటలేమియు పలుకలేదు. "నాకూ అంతే. మా ఆవిడ, ఇద్దరు పిల్లలు" అన్నాడు. మరి కొంతసేపు కూర్చుండి, ఉదయము పాలు పంపిస్తానని చెప్పి వెళ్లిపోయాడు. నాన్నగారు గుడారములోనికి వచ్చి పడుకొన్నారు. వర్షము, గాలి ఉన్న రాత్రులలో ఆయన నిద్రపోవుట నేను ఎరుగను. నిర్మలమైన రాత్రులలో కూడా రెండు మూడుసార్లు లేచి వాకిలి చూచి వచ్చేవారు. ఆ రాత్రి నేను మేలుకొని ఉన్నంతసేపు ఆయన లేవలేదు.

జనవరి 12 ఉదయము హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రములో కలియు చోటికి వెళ్లాము. ఒక ప్రక్క నది నీరు, ఒక ప్రక్క సముద్రపు నీరు, వాటి మధ్య రంగు మారిన గీత. మా అమ్మాయి తాతయ్య చేయి పట్టుకొని ముందుకు లాగినది. ఆయన తడి ఇసుక దాకా వచ్చారు. ఒక అల వచ్చి పాదాలు తడిపి పోయినది. ఆయన మనుమరాలి మణికట్టు గట్టిగా పట్టుకొని, "ఇంతవరకేనమ్మా" అన్నారు. సముద్రమునకు దేవుడు హద్దు నియమించిన సంగతి యోబు గ్రంథములో మనము చదువుకొందుము. ఆ గ్రంథము బోధించిన ప్రతిసారి నాకు ఇప్పుడు ఆ పట్టుకొన్న చేయి జ్ఞాపకము వచ్చుచున్నది.

మా నాన్నగారి భయము పోయినదని నేను చెప్పను. అది పోలేదు. అయితే నలువది ఆరు యేండ్లు ఆయనను సముద్రమునకు దూరముగా ఉంచిన ఆ భయమే, మనుమల గుడారము ఎక్కడ వేయవలెనో చూపించినది. దానిని పిరికితనమని మేము ఇంటిలో ఎవరమూ అనలేదు గాని, అందులో ఇంత తెలివి దాగియున్నదని కూడ ఎవరమూ ఎరుగము. అడిగినవారు లేక అది ఆయనలో అట్లే ఉండిపోయినది. అడిగినది ఒక చిన్నపిల్ల.

వెళ్లదలచినవారికి

మీలో కొందరు ఇట్టి ప్రయాణము చేయగోరవచ్చును. దీనికి పెద్ద ఖర్చు లేదు. జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుపానుల కాలము. మేము వెళ్లుటకు అయిదు వారాల ముందే, 2023 డిసెంబరు 5న, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినది. వేలాదిమందిని ముందుగానే సురక్షితమైన చోట్లకు తరలించారు. 1977లో లేనిది, ఇప్పుడు ఉన్నది ఈ హెచ్చరికయే. కనుక బయలుదేరుటకు ముందు వాతావరణ సమాచారము వినుడి. విని ఊరకుండక లోబడుడి.

చీకటి పడకముందే చోటు చూచుకొనుడి. పల్లె పెద్దలను, పోలీసువారిని అడుగక ఎక్కడను దిగకుడి. అమావాస్యకు, పున్నమికి పోటు పెద్దదని మరువకుడి. నాచు గీతకు, తీగకు పైన, దిబ్బ వెనుక గుడారము వేయుడి. సరుగుడు తోటలో నిప్పు చేయకుడి. మంచు ఎక్కువ గనుక గుడారము మీదికి ఒక బరకము, మంచినీళ్లకు రెండు క్యాన్లు, దుప్పట్లు అధికముగా తీసికొనుడి. పొగమంచు విడిచిన తరువాతనే బండి కదల్చుడి. తాబేలు జాడ కనబడితే దూరముగా ఉండుడి. చెత్త తిరిగి ఇంటికి తెచ్చుకొనుడి.

ఇంటిలో వృద్ధులుంటే వారిని కూడా వెంట తీసికొని వెళ్లుడి. వారు దిగకపోతే బలవంతము చేయకుడి. బండి తలుపు మాత్రము తెరిచి ఉంచుడి.

ప్రభువు మీ ప్రయాణములను కాపాడును గాక.